మూడు చక్రాల కారు కట్టిచ్చే షెడ్డు: ఇనప పనికి మార్కులున్నాయి, ఆర్సీ మాటకి లేవు

విజయనగరం శివార్లలో, నెల్లిమర్ల వెళ్ళే వైపు, గేట్లు, గ్రిల్సు, ట్రాక్టరు తొట్లు చేసే ఒక వెల్డింగు షెడ్డు ఇప్పుడు ఆర్డరు మీద మూడు చక్రాల కార్లు కూడా కట్టి ఇస్తోంది. ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి. ముందు ఇద్దరు పక్కపక్కన కూర్చుంటారు, వెనక పిల్లలకని చిన్న బెంచీ. పాత 150 సీసీ బైకు ఇంజనుతో అయితే లక్షా ఎనభై అయిదు వేలు, బ్యాటరీ మోటారుతో అయితే రెండు లక్షల ముప్ఫై వేలు చెబుతున్నారు. సగం డబ్బు ముందు కట్టాలి, బండి చేతికి రావడానికి రెండు నెలలు పడుతుంది. ఆ రేటులోనే ఆర్సీ కూడా చేయించి ఇస్తామని నోటి మాట.

జీడితోటలో, రొయ్యల చెరువుల గట్ల మీద, గోడ కట్టిన కాలేజీ ఆవరణలో తిప్పుకోడానికి కొన్ని మార్పులు చేయించుకుంటే ఇది పనికొచ్చే బండి. శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలిలోనో, విజయనగరం మయూరి జంక్షన్లోనో తిప్పుదామనుకుంటే మాత్రం అడ్వాన్సు ఇవ్వకండి. ఎందుకో కింద ఉంది. ముందు ఇనుము సంగతి.

ఫ్రేముకి 40 బై 40 స్క్వేర్ పైపు, 2 మిల్లీమీటర్ల మందం వాడుతున్నామని చెబుతారు. ఆ మందం సరిపోతుంది. అయితే చెప్పింది వాడుతున్నారో లేదో చూడ్డానికి కాటా చాలు. 2 మిల్లీమీటర్ల పైపు ఆరు మీటర్ల నిడివి 14 కిలోల పైచిలుకు తూగుతుంది. అదే 1.6 అయితే పదకొండున్నర దగ్గర ఆగిపోతుంది. ఒక బండికి అయిదు నిడివులు పడతాయి, అంటే ఫ్రేము ఒక్కటే 70 కిలోలు. కోత మొదలవకముందే వెళ్ళి, నిలబెట్టి ఉన్న పైపుల్లో ఒకటి తూచమనండి. రంగు వేశాక ఎవరూ ఏమీ చెప్పలేరు.

వెల్డింగు నాణ్యతలో ఈ షెడ్డు బాగానే ఉంది. ట్రాక్టరు తొట్లు చేసే చెయ్యి కాబట్టి కరెంటు తక్కువ పెట్టి పైపైన పూసే అలవాటు లేదు. పొడుగు అతుకులన్నీ ఒకే వరసగా, చేప పొలుసులా దిగాయి. తేడా వచ్చేది ముందు చక్రాల కింద. చక్రాన్ని కింద నుంచి ఫ్రేముకి కలిపే లోయరు ఆర్మ్‌ని పట్టుకునే బ్రాకెట్టుని ఒక పక్క మాత్రమే పలక పెట్టి అతికిస్తున్నారు, బోల్టు గాలిలో వేలాడుతూ బరువు మోస్తుంది. దాన్ని రెండు పలకల మధ్య బిగించాలి. పలక 5 మిల్లీమీటర్లుండాలి, బోల్టు తల మీద 8.8 అని అచ్చు ఉన్నదే వెయ్యాలి, చివర అదురుకి వదులవని నైలాక్ నట్టు. ఇవేవీ ఖరీదైనవి కావు, అడిగితే చేస్తారు. అడక్కపోతే చెయ్యరు. బ్రాకెట్టు మూల దగ్గర వెల్డింగు పైపుని కోసుకుపోయిందేమో గోటితో తడిమి చూడండి. గోరు దిగేంత గాడి ఉంటే పగులు మొదలయ్యేది అక్కడే.

ముందు భాగమంతా పాత మారుతి 800దే. స్ట్రట్లు (స్ప్రింగు, షాకు కలిసి ఉండేవి), నకిళ్ళు (హబ్బుని మోసే ముక్కలు), డిస్కులు, స్టీరింగు ర్యాకు, 12 అంగుళాల చక్రాలు. ఇది తెలివైన ఎంపిక. సామాను పార్వతీపురం నుంచి ఇచ్ఛాపురం దాకా ఏ పాత సామాన్ల కొట్లో అడిగినా దొరుకుతుంది, బేరింగు పోయినా ఏ మెకానిక్కయినా మారుస్తాడు. ఇబ్బంది ఒక్కటే. ఆ స్ప్రింగులు ఖాళీగానే 650 కిలోలుండే కారు కోసం చేసినవి. ఈ బండి ఖాళీ బరువు 330 కిలోలు. అందుకని స్ప్రింగు నొక్కుకోదు, ముక్కు పైకి లేచి ఉంటుంది, గతుకు వస్తే ఎగురుతుంది. షెడ్డులో దీనికి మందు స్ప్రింగు చుట్టు ఒకటి కోసెయ్యడం. కోస్తే ఎత్తు తగ్గేమాట నిజమే గాని, మిగిలిన స్ప్రింగు ఇంకా బిర్రుగా అవుతుంది. అలా కాకుండా స్ట్రట్టు పైకొసని ఫ్రేముకి బిగించే చోటుని 40 మిల్లీమీటర్లు పైకి జరపమనండి, బండి అంత మేరా కిందికి దిగుతుంది. మెత్తదనం కావాలంటే వేరే తక్కువ బిర్రు స్ప్రింగే వెయ్యాలి. స్ట్రట్టు బిగించే రెండు టవర్లనీ కలుపుతూ ఒక అడ్డపైపు, రెండు ఏటవాలు పైపులు తప్పనిసరి. ఇప్పుడిస్తున్న బండ్లలో అడ్డపైపు ఉంది, ఏటవాలువి లేవు.

వీల్ అలైన్‌మెంటు నూలుతాడుతో పడుతున్నారు, దాన్ని తప్పుపట్టక్కర్లేదు. వెనక చక్రం నడి గీతకి అటూ ఇటూ సమాన దూరంలో ముందుకి రెండు తాళ్ళు సమాంతరంగా లాగి, ముందు చక్రాలు ముందువైపు 2 నుంచి 3 మిల్లీమీటర్లు లోపలికి చూసేలా పెడితే చాలు. ఓనరు కుర్చీలో కూర్చుని ఉండగా పట్టాలి. ఖాళీ బండికి పట్టిన కొలత మనిషి ఎక్కగానే మారిపోతుంది.

ఇక అసలు విషయం, బండి పడుతుందా, పడదా.

మూడు చక్రాల బండి మీద అపనమ్మకానికి కారణం ముందు ఒక చక్రం ఉన్న రకాలు. 1973లో వచ్చిన ఇంగ్లండు కారు రిలయంట్ రాబిన్‌కి పడిపోతుందన్న చెడ్డపేరు అలాగే వచ్చింది. మలుపులో బ్రేకు వేస్తే బరువు ముందుకు, అంటే ఆసరా లేని వైపుకే వెళుతుంది. ముందు రెండు చక్రాలున్న బండికి బ్రేకు వేస్తే బరువు వెడల్పుగా ఉన్న వైపుకి పోతుంది కాబట్టి ఆ భయం తక్కువ. దీనికి ప్రమాదం మలుపులో యాక్సిలరేటరు తొక్కినప్పుడు, ఇంకా ముఖ్యంగా వెనక బరువు ఎక్కించినప్పుడు.

ఈ బండి కొలతలు: ముందు చక్రాల మధ్య 1200, ముందు నుంచి వెనక చక్రానికి 1900 మిల్లీమీటర్లు. ఇద్దరు పెద్దవాళ్ళు ముందు కూర్చుంటే మొత్తం 470 కిలోలు, అందులో వెనక చక్రం మీద 165. వెనక చక్రం బరువుని మొత్తం బరువుతో భాగించి 1900తో గుణిస్తే బరువు కేంద్రం ముందు చక్రాలకి 667 మిల్లీమీటర్లు వెనక ఉందని తేలుతుంది. అక్కణ్ణుంచి వెనక చక్రం దాకా మిగిలింది 1233. ఈ 1233ని 1900తో భాగించి, ముందు వెడల్పులో సగమైన 600తో గుణిస్తే 389. నేల నుంచి బరువు కేంద్రం ఎత్తు 520. 389ని 520తో భాగిస్తే 0.75 వస్తుంది. అంటే మలుపులో పక్కకు లాగే బలం బండి బరువులో నూటికి 75 వంతులకు చేరితే లోపలి చక్రం లేస్తుంది. ఎండిన తారు మీద ఈ టైర్ల పట్టు కూడా దాదాపు అంతే. కాబట్టి అతిగా తిప్పితే బండి పడడానికి ముందే జారే అవకాశం ఉంది. మూడు చక్రాల బండికి అంతకంటే కోరుకునేది లేదు.

ఇప్పుడు వెనక బెంచీ మీద ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టండి. 110 కిలోలు, ముందు చక్రాలకి 1500 మిల్లీమీటర్ల వెనక. బరువు కేంద్రం 825కి జరుగుతుంది, ఎత్తు 560కి పెరుగుతుంది, ఆ 0.75 కాస్తా 0.61 అవుతుంది. ఇప్పుడు టైరు జారకముందే బండి పక్కకి ఒరుగుతుంది. 12 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపులో గంటకి 30 కిలోమీటర్లు దాటితే చాలు దీనికి. పిల్లలు కూర్చునే సీటే బండిని పడేసే సీటు కావడం ఈ డిజైనులో అన్నిటికంటే పెద్ద తప్పు.

అదే లెక్కలో ఇంకొకటి బయటపడుతుంది. నలుగురితో వెనక చక్రం మీద 252 కిలోలు పడతాయి. షెడ్డు వేస్తున్నది ఆ పాత బైకు వెనక టైరే, 100/90-17. దాని పక్కన 55 అని అంకె ఉంటుంది. అంటే టైరు మొయ్యగలిగేది 218 కిలోలు. అదీ కొత్తగా ఉండి, పూర్తిగా గాలి నిండినప్పుడు. బైకు చక్రం మలుపులో ఒరుగుతుంది కాబట్టి బరువు నిలువుగా దిగుతుంది. ఇక్కడ ఒరగదు, ప్రతి మలుపూ చక్రాన్ని పక్కకి తోస్తుంది. స్పోకులు వదులవుతాయి, స్వింగార్మ్ బుష్షులు ఆడతాయి, గుండ్రటి టైరు నడిమధ్యలో పట్టీలా అరిగిపోతుంది. వెనక కూడా మారుతి 12 అంగుళాల స్టీలు చక్రమే వెయ్యమనండి. 145/70 టైరు మీద 69 అని ఉంటుంది, 325 కిలోలు మోస్తుంది. హబ్బు, స్ప్రాకెట్టు క్యారియరు లేతు మీద తిప్పించాలి, ఆ పని ఈ షెడ్డు బాగా చేస్తుంది. చక్రం చిన్నదైనందువల్ల స్ప్రాకెట్టు మార్చకుండానే లాగుడు పెరుగుతుంది, వేగం ఆరో వంతు తగ్గుతుంది. ఈ బండికి రెండూ మేలే.

బరువు మీరే తూచుకోవచ్చు. ధాన్యం, జీడిపిక్కలు తూచే 300 కిలోల ఎలక్ట్రానిక్ కాటాలు మూడు కావాలి, ఒక్కో చక్రం కింద ఒకటి. మనుషులకి బదులు సీట్లలో ఇసక మూటలు కట్టండి. ఎత్తు తెలియాలంటే షాకులు కదలకుండా చెక్కలు బిగించి, వెనక చక్రాన్ని 500 మిల్లీమీటర్లు లేపి మళ్ళీ తూచాలి. వెనక కాటా కూడా దిమ్మ మీదే ఉండాలి. ఇద్దరి బరువుతో ముందు కాటాలు రెంటి మీదా కలిపి మొత్తం 18 కిలోలు పెరిగితే ఎత్తు 520 దరిదాపుల్లో ఉన్నట్టు. అంతకంటే ఎక్కువ పెరిగితే బండి ఎత్తుగా ఉంది, సీట్లు దించాలి. లారీలు తూచే వేబ్రిడ్జి దీనికి పనికిరాదు, దాని మీద పది కిలోల తేడా కనబడదు.

ఇంజను విషయంలో వేడి పెద్ద సమస్య. బైకు మీద గాలి తగిలి చల్లారే ఇంజన్ని సీటు వెనక పెట్టెలో మూసేస్తే వేసవిలో చీపురుపల్లి దాకా వెళ్ళకముందే నీరసించిపోతుంది. షెడ్డు పక్కన రెండు చిల్లులు పెట్టి వదిలేస్తోంది. పక్క నుంచి గాలి పట్టి సిలిండరు రెక్కల మీదకి తెచ్చే రేకు గొట్టం, దాని మూతిలో ఒక చిన్న 12 వోల్టుల ఫ్యాను పెట్టించాలి. కారు రేడియేటరు ఫ్యాను వద్దు, బైకు మాగ్నెట్ కాయిలు దాన్నీ హెడ్‌లైట్లనీ కలిపి మొయ్యలేదు, బ్యాటరీ దిగిపోతుంది. చైను చూడ్డానికి తలుపు కూడా అడగండి. ఇప్పుడైతే చైను బిగించాలంటే వెనక రేకంతా ఊడదియ్యాలి, అందుకే ఎవరూ బిగించరు.

రివర్సు కోసం స్టార్టరు మోటారు తీసుకుని, దానికి గరుకు రోలరు తొడిగి, లివరు లాగితే టైరుకి ఆనేలా పెట్టారు. ఎండలో బాగానే తోస్తుంది. తడి టైరు మీద రోలరు తిరుగుతుంది, బండి తిరగదు. ఇంతకుమించి చవకైన దారి లేదు కాబట్టి సర్దుకోవలసిందే. ఆటో ఇంజనుకి రివర్సు గేరు ఉంటుంది, కాని దాని డిఫరెన్షియలుకి వెనక రెండు చక్రాలు కావాలి. అప్పుడది మామూలు ఆటోయే.

బ్రేకుల్లో మూడు చక్రాలకీ ఒకే పైపు లాగారు. ఒక్క చోట కారితే మూడూ పోతాయి. మారుతి మాస్టరు సిలిండరులోనే రెండు వేరు వేరు దార్లున్నాయి. ఒకటి ముందు రెంటికి, ఒకటి వెనక దానికి ఇమ్మంటే సరి. పైపు రాగిది వద్దు, అదిరి అదిరి అతుకు దగ్గర చీలుతుంది, కారుకి వచ్చే స్టీలు పైపే వెయ్యాలి. తొక్కుడు బలాన్ని పెంచే బూస్టరు లేదు గనక పెడలు లివరు పొడుగు అయిదు పాళ్ళకి ఒకటిగా ఉండాలి. ఇస్తున్నది మూడున్నరకి ఒకటి. కాలు నొప్పి పుట్టేలా తొక్కితే గాని బండి నిలబడదు.

బ్యాటరీ మోడలులో ఈ-రిక్షాకి వేసే 48 వోల్టుల, 1000 వాట్ల మోటారు, నాలుగు 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలు పెడుతున్నారు. నాలుగూ కలిపి వంద కిలోల పైనే. అవి సీటు కింద, ముందు చక్రాలకి దగ్గరగా ఉండడం వల్ల బండి నిలకడ పెట్రోలు దానికంటే మెరుగు. ఒక్క చార్జికి 80 కిలోమీటర్లంటున్నారు. 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీలు నాలుగింట్లో కలిపి 4.8 యూనిట్లుంటాయి. బ్యాటరీ బతకాలంటే అందులో అరవై శాతం మించి వాడకూడదు, అంటే 2.9. ఈ బరువుకి, 25 కిలోమీటర్ల వేగంతో, ఆగుతూ సాగుతూ వెళితే కిలోమీటరుకి 50 వాట్ అవర్లు పోతాయి. 58 కిలోమీటర్లు వస్తే సంతోషించండి. ఇక సీటు కింద పెట్టెకి గాలి పోయే దారి లేదు. చార్జింగులో ఈ బ్యాటరీలు మండే హైడ్రోజను వదులుతాయి, పెట్టె పైభాగాన రెండు చోట్ల జాలీ పెట్టించాలి. మెయిన్ వైరు దగ్గర ఇంట్లో వాడే ఏసీ ఎంసీబీ బిగించారు. డీసీ కరెంటుని అది సరిగా తెంపలేదు, లోపల నిప్పు సాగుతుంది. డీసీ అని రాసి ఉన్నదే వెయ్యాలి, బ్యాటరీ దగ్గరే ఒక ఫ్యూజు కూడా.

తుప్పు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, భోగాపురం, కళింగపట్నం వైపు వాళ్ళకి తెలిసిందే. రెడ్ ఆక్సైడు ఒక్కటే పూస్తే ఉప్పుగాలికి రెండో వానాకాలం దాటదు. ఎపాక్సీ ప్రైమరు వెయ్యమనండి, పైపు మూతులన్నీ మూయించండి, అడుగు పైపుల్లో నీరు దిగడానికి 6 మిల్లీమీటర్ల బెజ్జాలు పెట్టించండి. ఊళ్ళ రోడ్ల మీద ఇంకో చిక్కుంది. కార్లు రెండు గాళ్ళలో వెళతాయి, దీని వెనక చక్రం మాత్రం నట్టనడుమ పోతుంది. ట్రాక్టరు చక్రాల గాడుల మధ్య లేచిన గట్టు మీదే దాని దారి. వానల్లో అక్కడ గడ్డి, జారుడు.

ఇప్పుడు ఆర్సీ.

"అదేటండి బాబూ, ఆర్సీ మేం సూసుకుంటాం కదా" అనే మాటకి అర్థం రెండింట్లో ఒకటి. మొదటిది, ఇంజను తీసిన పాత బైకు ఆర్సీనే దీనికి వాడుకోమనడం. ఏపీ 35 నంబరున్న బైకు కాయితంలో బండి రకం ద్విచక్ర వాహనమని ఉంటుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి, ఆర్సీలోని వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. 182ఏ సెక్షను కింద అలా మార్చిన ఓనరుకి ఒక్కో మార్పుకి 5 వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. అసలు బైకుని విప్పేసినప్పుడు 14 రోజుల్లో ఆర్టీవోకి తెలియజేసి దాని రిజిస్ట్రేషను రద్దు చేయించుకోవాలి. ఆ పని చెయ్యని ఇంజను మీ బండిలో ఉంటే, అది ఎక్కడిదో రుజువు చేసుకోవాల్సింది మీరే. తోటలో తిప్పే బండికైనా సరే, ఇంజను అమ్మినవాళ్ళ రసీదు, పాత ఆర్సీ కాపీ అడిగి పుచ్చుకోండి.

రెండోది, కొత్త బండిగా రిజిస్ట్రేషను చేయిస్తామనడం. దానికి ఫారం 20 దరఖాస్తు మనం పెట్టుకుంటే చాలదు. అమ్మినవాళ్ళ ఫారం 21, తయారీదారు ఇచ్చే ఫారం 22 కావాలి. ఆ ఫారం 22 ఇవ్వాలంటే కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 126 ప్రకారం నమూనా బండిని ప్రభుత్వం గుర్తించిన పరీక్షా సంస్థలో నెగ్గించుకుని ఉండాలి. పుణేలో ఏఆర్ఏఐ, మనేసర్లో ఐక్యాట్, మనకి దగ్గర్లో చెన్నై పక్కన ఒరగడంలోని జీఏఆర్‌సీ, ఇలాంటివి. బ్రేకులు, లైట్లు, పొగ, స్టీరింగు అన్నీ అక్కడ చూస్తారు. ఒక మోడలుకి ఒకసారి చేయించి వేల బండ్లు అమ్మే కంపెనీకి ఆ ఖర్చు గిట్టుతుంది. ఒక్క బండికి గిట్టదు. మోడలుకి ఆమోదం లేకపోతే ఆర్టీవో ఆఫీసులో కంప్యూటరు కూడా తీసుకోదు, బ్రేకు ఇన్‌స్పెక్టరు బండి చూసి మెచ్చుకున్నా చేసేదేమీ ఉండదు. 1970లలో బెంగుళూరు నుంచి వచ్చిన బాదల్ అనే మూడు చక్రాల కారుని చూపించి ఇది కొత్తేమీ కాదని షెడ్డులో అంటారు. అది కంపెనీ బండి. యూట్యూబులో ఇంగ్లండు వాళ్ళు ఇంట్లో కట్టిన మూడు చక్రాల బండికి నంబరు ప్లేటు తెచ్చుకోవడం కూడా కనబడుతుంది. అక్కడ ఎంఎస్‌వీఏ అని ఒక్కొక్క బండినే పరీక్ష చేసి ఒప్పుకునే పద్ధతి ఉంది. మన 126వ నిబంధన తయారీదారుని ఉద్దేశించి రాసింది, ఒంటి బండి కట్టుకున్నవాణ్ణి కాదు.

రిజిస్ట్రేషను లేకుండా రోడ్డెక్కితే 192వ సెక్షను కింద మొదటిసారి 2 వేల నుంచి 5 వేల దాకా జరిమానా. అది చిన్న సంగతి. నంబరు లేని బండికి ఇన్సూరెన్సు రాదు. ఎవరికైనా తగిలితే ట్రిబ్యునలు ఎంత ఇమ్మంటే అంత సొంత ఆస్తి నుంచి కట్టాలి. షెడ్డుకి కూడా ఇందులో ముప్పుంది. పరీక్ష నెగ్గని బండిని అమ్మితే 182ఏ కిందే ఏడాది దాకా జైలు, లేదా బండికి లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ. వాళ్ళకి ఈ సంగతి తెలిసినట్టు లేదు.

బ్యాటరీ బండికి రిజిస్ట్రేషను అక్కర్లేదన్నది వాళ్ళ ఇంకో మాట. అందులో సగమే నిజం. మోటారు ముప్ఫై నిమిషాల పవరు 250 వాట్ల లోపు, వేగం గంటకి 25 కిలోమీటర్ల లోపు ఉంటేనే అది మోటారు వాహనం కింద లెక్కకి రాదు, ఆ రెండూ పైన చెప్పిన పరీక్షా సంస్థ చూసి ధ్రువీకరించాలి. వీళ్ళు పెడుతున్నది 1000 వాట్లు. పోనీ 250 వాట్లదే పెట్టినా, 300 కిలోల బండిని చదును రోడ్డు మీద గంటకి 15 కిలోమీటర్ల దాకా లాగుతుంది. నూటికి అయిదు వాలున్న ఓవర్‌బ్రిడ్జి ఎక్కేటప్పుడు నడిచే మనిషిని దాటలేదు. నాలుగు కంటే తక్కువ చక్రాలుండి 25 సీసీ దాటని ఇంజనున్న బండికి కూడా చట్టంలో మినహాయింపుంది. అది గడ్డి కోసే మిషను ఇంజను సైజు.

ఆవరణ లోపల వాడకానికి దారి ఉంది. ఫ్యాక్టరీలోనో, మూసి ఉన్న ఆవరణలోనో మాత్రమే వాడేలా చేసిన ప్రత్యేక రకం బండిని చట్టం మోటారు వాహనంగా చూడదు. వజ్రపుకొత్తూరు వైపు జీడితోట అంతా ఒకే కంచెలో ఉంటే పేచీ లేదు. రెండు తోటల మధ్య పంచాయతీ రోడ్డు ఉంటే, ఆ రోడ్డు దాటే యాభై అడుగులూ పబ్లిక్ స్థలమే. ట్రాలీ మీద ఎక్కించి దాటించుకోవాలి.

కాళ్ళు సరిగా లేనివాళ్ళు కొందరు ఈ షెడ్డుకి వస్తున్నారు, వాళ్ళకి ఈ బండి అమ్మడం అన్యాయం. వాళ్ళకోసం చట్టంలోనే అడాప్టెడ్ వెహికల్ అని వేరే తరగతి ఉంది, లైసెన్సు కూడా ఆ తరగతికి విడిగా ఇస్తారు. గేర్లు లేని కంపెనీ స్కూటరు కొని, ఆర్టీవో దగ్గర ముందుగా అనుమతి తీసుకుని, పక్క చక్రాలు వేయించి, బండి చూపించి ఆర్సీలో మార్పు రాయించుకోవాలి. వికలాంగ ధ్రువపత్రం, స్కూటరు ఆర్సీ, ఇన్సూరెన్సు వెంట ఉండాలి. మార్పు సంగతి ఇన్సూరెన్సు కంపెనీకి రాతలో తెలియజెయ్యాలి. అనుమతి ముందు, వెల్డింగు తర్వాత. ఇదే షెడ్డు పక్క చక్రాల పని కూడా చేస్తుంది, చేతిపని బాగుంది. పక్క చక్రాల యాక్సిలు స్కూటరు ఫ్రేముకి బోల్టులతో బిగిస్తున్నారు, అతికించడం లేదు. అది సరైన పద్ధతి.

తోట కోసం ఆర్డరు ఇచ్చేవాళ్ళు కాయితం మీద రాయించుకోవలసినవి: వెనక బెంచీ తీసేసి ఆ చోటు ఖాళీగానో, పది కిలోలకి మించని సామాన్ల బుట్టగానో ఉంచడం, వెనక 12 అంగుళాల చక్రం, రెండు పలకల బ్రాకెట్లు, రెండు దార్ల బ్రేకు, ఎపాక్సీ ప్రైమరు. వీటికి అదనంగా పాతిక వేలు అడుగుతున్నారు. బేరమాడితే, "ఆర్సీ మాకొద్దు" అని చెబితే, పదిహేనుకి దిగుతారు. సగం అడ్వాన్సు ఒక్కసారిగా ఇవ్వకుండా మూడు ముక్కలు చెయ్యండి. పైపు తూచాక ఒకటి, రంగు వెయ్యకముందు వెల్డింగులు చూసుకున్నాక ఒకటి, కాటాల మీద తూచి ఖాళీ నేలలో ఎనిమిది అంకెలా తిప్పి చూశాక మిగిలింది. వాళ్ళిచ్చేది ఎస్టిమేటు కాయితమే, బిల్లు అడిగి తీసుకోండి. ఆదివారం షెడ్డు ఉండదు. లేతు మీద పనిచేసే పెద్దాయన మధ్యాహ్నం తర్వాతే వస్తాడు, హబ్బు కొలతలు ఆయనతోనే మాట్లాడాలి.